జింక వెనక కాలు

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి జింక బొమ్మకి తీగ ఎముకలన్నీ వచ్చేశాయి. తీగ మాస్టారు ప్లయరు బల్ల మీద పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తన పనిని తానే మెచ్చుకోవడంలో ఆయన ఎన్నడూ మొహమాటపడింది లేదు.

"ఏమోయ్, ఇలా రా! కాఫీ తర్వాత పెట్టొచ్చు."

"వస్తున్నా. మీ జింకేమీ పారిపోదుగా," అంటూ భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"పారిపోయేలాగే చేశాను మరి. చూడు ఆ కాళ్ళు!"

ఆవిడ చూసింది. జింకకి వెనక కాలు, మధ్యలో ఉండే మడమ కీలు దగ్గర వెనక్కి వంగుతుంది. ఆయన దాన్ని మనిషి మోకాలిలా ముందుకు వంచాడు. ఒక కాలు కాదు, రెండూ.

"బాగుందండీ," అంది నవ్వుతూ. "దీనికి పాత గోధుమరంగు దుప్పటి వాడదామా?"

బడిలో చేతిపనులు నేర్పిన రోజుల్లో పిల్లలు పెట్టిన పేరు తీగ మాస్టారు. బడి మానేశాక కూడా ఆ పేరు ఆయన్ని వదల్లేదు. ముప్పై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో తీగ ఆయనది, గుడ్డ ఆవిడది. లావు తీగని వంచి ఆయన ఎముకలు కడతాడు, కీళ్ళ దగ్గర సన్న తీగ చుట్టి బిగిస్తాడు. ఆవిడ దూది పొదిగి, పాత చీరలూ దుప్పట్లూ కత్తిరించి చర్మం కుడుతుంది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టేవాళ్ళు కాదు. ఆ మాటకొస్తే ఒకసారి ఏనుగు చెవి తీగని ఆవిడ కాస్త సవరించినందుకు ఆయన రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

కిందటేడు మేక మోకాలు తప్పుగా వచ్చినప్పుడు తొందరపాటు అనుకుంది. తర్వాత పిల్లి భుజం. ఆ తర్వాత గుర్రానికి ముందుకాళ్ళు వెనకా, వెనక కాళ్ళు ముందూ వచ్చాయి. కళ్ళు మూసుకుని కూడా ఏ జంతువునైనా నిలబెట్టగలిగిన మనిషి! మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన గోడవైపు తిరిగి ఒక కునుకు తీస్తాడు. ఆ రెండు గంటల్లో ఆవిడ కీళ్ళు విప్పి, తీగ వంచి, మళ్ళీ కట్టి, పైన గుడ్డ కప్పేసేది. ఆయన లేచేసరికి తప్పు కనబడేది కాదు.

ఈసారి ఒక పిల్లల లైబ్రరీకి ఆరు జంతువులు ఇవ్వాలి. ఐదు అయ్యాయి. ఐదింటిలోనూ ఆవిడ చెయ్యి ఉంది.

మధ్యాహ్నం ఆవిడ జింక ముందు కూర్చుని తీగ కత్తిరించడం మొదలుపెట్టింది. వారపు సెలవని ఆ రోజు కూతురు ఇంట్లోనే ఉన్న సంగతి ఆ హడావుడిలో మర్చిపోయింది. ఆ అమ్మాయి మందుల షాపులో పనిచేస్తుంది, మనుషుల చేతులు గమనించడం అలవాటు.

"అమ్మా, ఏం చేస్తున్నావు?"

ఆవిడ చేతిలోంచి ప్లయరు జారిపోయింది. "ఏం లేదు. కాస్త వదులుగా ఉంటే..."

"నీ వేళ్ళన్నీ ప్లాస్టర్లే. సూది గుచ్చుకుంది అంటావు. సూది ఇంత లోతుగా కోస్తుందా?" కూతురు కింద కూర్చుని తల్లి చెయ్యి లాక్కుంది. విప్పేసిన కాలు చూసింది. ఇంకా విప్పని కాలు చూసింది. "ఇది నాన్న చేశారా?"

ఆవిడ ఆయన పడుకున్న పక్కగదివైపు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మెల్లగా మాట్లాడు, లేస్తారు."

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ఏడాది అవుతోంది."

"ఏడాదా! ఇలా జ్ఞాపకం పోతున్నవాళ్ళ మందుల చీటీలు నేను రోజూ చూస్తున్నాను. మొదట్లోనే డాక్టరుకి చూపిస్తే కొంతైనా నిలబెట్టచ్చు. నువ్వు ఏడాది దుప్పటి కప్పి కూర్చున్నావు!"

"చూపిస్తే ఏమంటారు? పని మానేయమంటారు. ఆ పని తీసేస్తే మీ నాన్నలో ఇంకేం మిగులుతుందే? తనకి మతి తప్పుతోందని తెలిస్తే ఆ మనిషి బతుకుతాడా?"

"అందుకని ఎంతకాలం ఇలా?"

"నేనున్నంత కాలం."

"నువ్వు లేని రోజున? అన్నాళ్ళూ ఏమీ తెలియకుండా ఉండి, ఒక్కసారిగా తెలుసుకుంటారా?" కూతురి గొంతు పెరిగింది. "ఇది ప్రేమ కాదమ్మా, మొండితనం!"

"నోర్ముయ్! నీకేం తెలుసు?" అంది ఆవిడ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పక్కగది తలుపు తెరుచుకుంది. తీగ మాస్టారు గడపలో నిలబడి ఉన్నాడు. కళ్ళల్లో నిద్ర ఛాయలే లేవు.

"కాస్త మెల్లగా పోట్లాడుకోండి. మీరిలా అరుస్తుంటే నిద్ర నటించడం కష్టంగా ఉంది," అన్నాడు.



ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. జింక కీలు మీద వేలు పెట్టి, భార్య చుట్టిన సన్న తీగని తడిమాడు. "నేను చుడితే కుడివైపు తిరుగుతుంది. నీది ఎడమచేతి వాటం. ఆ మేక చేసినప్పుడే చూశాను."

"మేక చేసినప్పుడా!" అంది ఆవిడ. "మరి చెప్పలేదేం?"

"నువ్వు అంత కష్టపడి దాస్తున్నావు. నాకు తెలిసిపోయిందంటే నువ్వు తట్టుకోలేవనుకున్నాను." ఆయన తీగ మీంచి వేలు తీశాడు. "రోజూ గోడవైపు తిరిగి ప్లయరు చప్పుడు వినేవాణ్ణి. ఎన్నిసార్లు చప్పుడైతే అన్ని తప్పులు చేసినట్టు. మేకకి మూడుసార్లు వినబడింది. మొన్న లైబ్రరీకి చేసిన కుక్కకి పదిహేడు."

ఆవిడ ఏడ్చింది. ఏడాదిగా స్నానాల గదిలో, నీళ్ళ చప్పుడు మాటున ఏడ్చిన మనిషి, భర్త ఎదుట, కూతురి ఎదుట బావురుమని ఏడ్చింది. ఆయన్ని కాపాడుతున్నాననుకుంది. పక్కగదిలో పడుకోబెట్టి, రోజూ ఒంటరిగా తన పతనాన్ని తానే లెక్కపెట్టుకునేలా చేసింది. ఆయనా అంతే, ఆవిడ ఒక్కర్తే వేళ్ళు కోసుకుంటుంటే వింటూ పడుకున్నాడు. ఒకరి మీద ఒకరికున్న ప్రేమే ఇద్దరినీ చెరో గదిలో పెట్టి తలుపు వేసింది.

"రేపు వస్తాను, ఎక్కడికి రమ్మంటే అక్కడికి," అన్నాడు కూతురితో. ఆ అమ్మాయి తలూపి, తండ్రి మోకాలి మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

తర్వాత ఆయన భార్యవైపు తిరిగాడు. "ఇంక మధ్యాహ్నాలు పడుకోను. నువ్వు ఇక్కడే, నా పక్కనే కూర్చో. ఎంతవరకు వస్తే అంతవరకు."

ఆవిడ తన స్టూలు ఆయన దగ్గరికి జరిపింది. ఆయన ప్లయరు అందుకుని, జింక రెండో వెనక కాలు విప్పాడు. తీగ నిటారుగా సాగదీశాడు. మడమ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. తీగని కాస్త ఇటు వంచబోయాడు, కాదనుకున్నాడు, అటు వంచబోయాడు. అదీ కాదనిపించింది. ఆయన కళ్ళల్లో భయం కదలడం ఆవిడ చూసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

"ఎటు?" అని అడిగాడు ఆయన.

ముప్పై ఆరేళ్ళలో తీగ గురించి ఆయన ఆవిణ్ణి అడగడం అదే మొదలు.

ఆగిపోయిన ఆ చేతి మీద ఆవిడ తన చెయ్యి వేసింది.

"వెనక్కండీ," అంది. ఇద్దరూ కలిసి వంచారు.