నేల విడిచిన పిల్లలు

మనుషుల మైదానాలకూ యక్షుల కొండలకూ నడుమ నడిమిసీమ అనే చిన్న రాజ్యం ఉండేది. అక్కడి జనాన్ని ఉభయులు అనేవారు. వాళ్ళ వంశకర్త పోలన్న ఎడ్ల మీద ఉప్పు బస్తాలు వేసుకుని కొండలెక్కి అమ్ముకునే మనిషి. మూలపుటమ్మ హేమాంగి యక్షిణి. పోలన్న మీద మనసుపడి, అలకాపురి మేడలు వదిలి అతని వెంట దిగివచ్చింది. అందుకే వాళ్ళ సంతతికి చెవులు రావాకుల్లా మొనదేలి ఉంటాయి, చీకట్లో చూపు ఆనుతుంది, చెట్ల మాటలు వినిపిస్తాయి. ఇక ఆకలి, నిద్ర, పక్కింటివాళ్ళతో పోట్లాట అంటారా, అవన్నీ మనుషులకున్నట్టే ఉంటాయి.

బిడ్డకు పేరు పెట్టేనాడు ఉభయులు నాలుక మీద తేనె చుక్కా ఉప్పురవ్వా వేసి, "హేమాంగి బిడ్డా, పోలన్న బిడ్డా" అని పిలిచేవారు. ఒక ఏడు అలకాపురి నుంచి దూతలు వచ్చారు. వాళ్ళ ముందు ఉప్పు అమ్ముకునేవాడి పేరెత్తడం నామోషీ అనిపించింది రాజు విశాలకర్ణుడికి. "ఇకపై తేనె చాలు, హేమాంగి పేరు చాలు" అని చాటింపు వేయించాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే! జనం మాత్రం తక్కువ తిన్నారా? గొప్పింటి చుట్టరికం ఎవరికి చేదు, సరేనన్నారు.

ఆ తర్వాత పుట్టిన పిల్లల పాదాలు నేలకు ఆనడం మానేశాయి. మొదట బెత్తెడు, తర్వాత జానెడు, ఆ తర్వాత మోకాలెత్తు. తల్లులు బిడ్డల నడుముకు తాళ్ళు కట్టి రోళ్ళకు ముడివేశారు. రాజు వైద్యులను పిలిపించాడు, శాంతులు చేయించాడు, పిల్లలను దించినవారికి అర్ధరాజ్యం ఇస్తానన్నాడు. కారణమేమిటో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. పెద్దవాళ్ళకే తట్టలేదు. తాము చేసిన తప్పు పెద్దవాళ్ళకు చివరగానే కనిపిస్తుంది మరి.

తేనెపట్లు తీసే గంగిరి కూతురు వంజులకు సోమిలుడని ఐదేళ్ళ తమ్ముడున్నాడు. వాడు ఇంటికప్పుకు తల ఆనించి వేలాడుతూ, "అక్కా, నేను ఎగిరిపోతానా?" అని రోజూ అడిగేవాడు. ఆషాఢపు గాలులు మొదలైతే ఏ తాడూ ఆగదని వంజులకు తెలుసు. హేమాంగి ఇంకా బతికే ఉందనీ, అడవి అవతల మంచుకొండ గుహలో ఉంటుందనీ ముసలివాళ్ళు చెప్పేవారు. యక్షులకు చావు తొందరగా రాదు కదా. ఒకనాటి వేకువన వంజుల అటుకుల మూట కట్టుకుని బయల్దేరింది.

అడవి మొదట్లోనే గుండోదరుడనే రాక్షసుడు దారికి అడ్డంగా పడుకుని ఉన్నాడు. ముక్కు ఎగబీల్చి లేచాడు.

"ఓసి పిల్లా, ఎవతెవే నువ్వు? మనిషివైతే నమిలేస్తా. యక్షిణివైతే పో. యక్షుల ఒళ్ళు పంటికి తగిలితే నా తల వెయ్యి వక్కలవుతుందని కుబేరుడి శాపం."

"యక్షిణినే మామా! హేమాంగి ఇంటి ఆడపడుచును" అంది వంజుల, చెవులు చూపించి.

రాక్షసుడు నిట్టూర్చి తప్పుకున్నాడు. నాలుగడుగులు వేసిందో లేదో, వంజుల పాదాలు బెత్తెడు పైకి లేచాయి! చెట్ల వేళ్ళు పట్టుకుని, ఈదుతున్నట్టు ముందుకు సాగింది.

అడవి చివర పెద్ద లోయ. అంచున రెండు తలల గండభేరుండం కూర్చుని ఉంది. విసనకర్రల కోసం తన ఈకలు పీకారని దానికి యక్షులంటే ఒళ్ళుమంట.

"ఎవరి పిల్లవు?" అంది కుడితల.

"మనిషి పిల్లను. ఉప్పు పోలన్న వంశం" అంది వంజుల, చెవుల మీదికి జుట్టు లాక్కుంటూ.

పక్షి ఆమెను వీపున ఎక్కించుకుంది. ఎక్కించుకున్నాక తల ప్రాణం తోకకొచ్చింది దానికి. వంజుల బండరాయిలా బరువెక్కిపోయింది. అవతల దిగితే పాదాలు చీలమండల దాకా నేలలో దిగబడ్డాయి. చెట్లు గలగలమంటున్నా ఒక్క మాటా అర్థం కాలేదు. తన చెవులు తనవి కానట్టు అనిపించి ఆమెకు ఏడుపొచ్చింది.

గుహలో హేమాంగి వెన్నెల ముద్దలా కూర్చుని ఉంది. వంజుల కాళ్ళ మీద పడి అంతా చెప్పింది.

"నేనేమీ శపించలేదమ్మా" అంది హేమాంగి. "నా వైపు బంధువులకు రెక్కలే గానీ వేళ్ళు లేవు. మిమ్మల్ని నేల మీద నిలబెట్టింది మా ఆయన. ఆ మహానుభావుడి పేరే మీకు బరువైపోయిందా?" ఆమె కళ్ళ నీళ్ళు జలజల రాలాయి.

"తప్పయింది అవ్వా! ఇప్పుడే వెళ్ళి ఇంటింటా ఆయన పేరు చెప్పిస్తాను."

"ఇంట్లో కూర్చుని చెప్పడం ఎంతసేపు? చెబితే ప్రాణం మీదికొచ్చే చోట ఎవరైనా చెప్పాలి. అప్పుడే ఆ పేరుకు బలం వస్తుంది. వచ్చిన దారినే పో. ఎక్కడ సగం చెప్పావో అక్కడ మొత్తం చెప్పు."

వంజులకు రాక్షసుడి కోరలు కళ్ళ ముందు మెదిలాయి. తమ్ముడి తాడూ మెదిలింది. కళ్ళు తుడుచుకుని లేచింది.

గండభేరుండానికి నిజం చెప్పగానే కుడితల ముక్కు తెరిచి మీదికొచ్చింది. ఎడమతల దాన్ని ఆపింది. "రెండు తలలు మోస్తూ, రెండు వంశాలున్నాయని పిల్లను పొడుస్తావటే? సిగ్గులేకపోతే సరి!" కుడితల గొణుక్కుంటూనే రెక్కలు చాచింది. ఈసారి వంజుల బరువు కాలేదు.

వంజుల నేరుగా గుండోదరుడి ముందుకు వచ్చి నిలబడింది.

"మామా, మొన్న నీతో సగమే చెప్పాను. నేను హేమాంగి బిడ్డను, పోలన్న బిడ్డను కూడా. మా తాత మనిషి."

రాక్షసుడి నోరూరింది. "అయితే సగం నాదే!" అని చెయ్యి పట్టుకున్నాడు.

పారిపోవాలని ఒళ్ళంతా అన్నా వంజుల కదల్లేదు. "నీదే మామా, కాదన్నానా? కానీ శాపం సంగతి చూసుకో. నాలో మనిషి ఎక్కడ అయిపోయిందో, యక్షిణి ఎక్కడ మొదలైందో గీత గియ్యి. మనిషి వైపు తిను."

గుండోదరుడు బొగ్గుముక్క తెచ్చి ఆమె ఎదుట చతికిలబడ్డాడు. చెయ్యి చూశాడు. అరచేతిలో పనిచేసిన కాయలున్నాయి, గోళ్ళేమో మిణుగురుల్లా మెరుస్తున్నాయి. చెవి చూస్తే మొన యక్షులది, వెనక మట్టి మనిషిది. గుండెకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. అది ఒక్కటిగానే కొట్టుకుంటోంది. పొద్దు వాలేదాకా వెతికి, చిరాకుతో బొగ్గు విసిరేశాడు.

"గీత లేదే నీలో! అంతా కలిసిపోయింది. పోవే, కళ్ళ ముందుంటే ఆకలి ఎక్కువవుతోంది!"

వంజుల ఆగకుండా పరుగెత్తింది. ఊరు చేరేసరికి గాలి మొదలైంది. సోమిలుడి తాడు ఆఖరి పురి తెగుతోంది, తల్లి దాన్ని రెండు చేతులా పట్టుకుని కేకలు వేస్తోంది. వంజుల తమ్ముడి పెదవుల మీద ఉప్పు అద్ది, వీధంతా వినబడేలా, "హేమాంగి బిడ్డా! పోలన్న బిడ్డా! దిగిరారా!" అని పిలిచింది.

వాడు మెల్లగా, వానచినుకుకు తడిసిన దూదిలా దిగాడు. చుట్టుపక్కల తల్లులందరూ ఉప్పు గిన్నెలతో వీధుల్లోకి వచ్చి అదే పిలుపు అందుకున్నారు. విశాలకర్ణుడు కిరీటం చంకన పెట్టుకుని, తన మనవరాలికి తానే ఉప్పు అద్ది, అందరికంటే గట్టిగా పోలన్న పేరు పిలిచాడు. ఆ తర్వాత అర్ధరాజ్యం మాట నిలబెట్టుకున్నాడు. వంజుల పెద్దయ్యాక మిగతా సగం కూడా ఆమెకే అప్పగించి నిశ్చింతగా నిద్రపోయాడు.

కానీ ఆ సాయంత్రం ఆమెకు రాజ్యం సంగతే గుర్తులేదు. సోమిలుడు పుట్టాక మొదటిసారి నేల మీద పరుగెత్తాడు. పది అడుగులు కూడా వేయకుండానే బోర్లాపడి, మోకాలు చీరుకుపోయి, ఊరదిరేలా ఏడ్చాడు. వాళ్ళమ్మ ఆ మట్టి మోకాలిని రెండు చేతుల్లోకి తీసుకుని, నవ్వుతూ ఏడుస్తూ ముద్దుపెట్టుకుంది.