మూగమలుపు దగ్గర మైకు మీట

అరకు నుంచి మా వైపు వచ్చే ఘాట్ రోడ్డులో ఒక మలుపుంది. మూగమలుపంటారు. చీకటి పడ్డాక అక్కడ ఎంత వాగుడుకాయైనా నోరు మూసుకోవాల్సిందే... నాతో సహా! కల్వర్టు పక్కన నల్లరాయి కింద అమ్మవారు పడుకుంటుందని కొండోళ్ళ మాట. పెళ్ళి డప్పులు కూడా ఆ మలుపు దాటేదాకా మోగవు. మోగించినోడు బాగుపడలేదంటారు.

మరి డీజేకి ఈ కట్టుబాటు ఎవరు నేర్పుతారు?

ఇది ఆ రోజు వ్యాను నడిపిన కొండబాబు నాకు చెప్పిన సంగతి. రెండువేల ఎనిమిదో, తొమ్మిదో. పెళ్ళికూతురు స్వర్ణని రాత్రిపూట అత్తారింటికి తీసుకెళ్తున్నారు. ముందు కుర్రకారు చిందులు, వెనక వ్యాను, వ్యాను నిండా స్పీకర్లు. వాటి మధ్య కింద ఊళ్ళ నుంచి వచ్చిన డీజే సాయికుమార్, వాడి ముందు మిక్సరు. పాటకో మీట, మైకుకో మీట. పైకి తోస్తే మోత, కిందికి లాగితే మూత. అంతే విద్య! పొగరు మాత్రం ఆ స్పీకర్లంత.

స్వర్ణ వాళ్ళ మామ్మ చిన్నమ్మి, వైరు లేని మైకు పట్టుకుని వ్యాన్లో మనవరాలి వెనక కూర్చుని పెళ్ళిపాటలు పాడుతూ వస్తోంది. మలుపు కనబడగానే పాట ఆపేసింది.

"మీట దించు నాయినా. అమ్మ పడుకున్నాది."

"లేపేద్దాం మామ్మా! పెళ్ళికి రమ్మందాం!" అని వాడు పాట మీట ఇంకాస్త పైకి తోశాడు.

ముసలామె కళ్ళు చింతనిప్పులయ్యాయి. ఆ తరవాత ఆమె ఏం చేసిందో ఎవరూ చూడలేదు. ఆ మోతలో, ఆ చిందుల్లో ఎవరు చూస్తారు!

వ్యాను నత్తలా మలుపు తిరిగింది. అప్పుడు — పాటని చీల్చుకుంటూ — స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు.

"ఆపరా... సచ్చినోడా!"

చిందులు ఆగిపోయాయి, వ్యానూ ఆగింది. సాయికుమార్ గబుక్కున పాట మీట కిందికి లాగాడు. పాట పోయింది... గొంతు పోలేదు.

"నా నెత్తి మీద తొక్కుతావేట్రా! నీ మోత మండిపోను!"

ఒక తిట్టు ఇటు తగిలితే, అవతలి కొండ ఇంకోసారి తిట్టింది. కుర్రాళ్ళు చెప్పులు వదిలేసి పరుగు. సాయికుమార్ మైకు మీట కూడా లాగేశాడు.

గొంతూ పోయింది.

"పోయింది... దెయ్యం పోయింది," అన్నాడు గుసగుసగా. "అన్నా, బండి పోనీ. బేగి!"

కొండబాబు గేరు వేశాడు. అప్పుడు లేచింది పెళ్ళికూతురు, పసుపు బట్టలతోనే.

"మైకు మీట దించితే పోయిన గొంతు దెయ్యం ఎలగవుద్దిరా? మైకు మా మామ్మ కాడుంది! మామ్మేది?"

మామ్మ కూర్చున్న చోటు... ఖాళీ.

"వద్దు, ఎత్తకు!" అని వాడు మీట మీద చెయ్యి అడ్డం పెట్టాడు. స్వర్ణ వాడి చెంప ఛెళ్ళుమనిపించింది. అదే చేత్తో మీట పైదాకా తోసింది.

"...కల్వర్టు కింద సూడండ్రా, గుడ్డోళ్ళారా! ముసిల్ది పడిపోనాది!"

కొండబాబూ, స్వర్ణా టార్చిలైటు పట్టుకుని దిగారు. చిన్నమ్మి కాలు రాళ్ళ సందులో ఇరుక్కుంది. చేతిలో ఒక అడవితీగె. కింద లోయ. ఇంకాసేపైతే ఆ తీగె ఆగేది కాదు. మెల్లగా పైకి లాగారు.

స్వర్ణకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఆడి తప్పు కాయమని రాయికి దండం ఎడతానని సెప్పకుండా దిగిపోతావా? నువ్వలాగ అరవకపోతే ఏటయ్యేదే?"

మామ్మ మనవరాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మోసుకొచ్చి, మలుపు దాటించి వ్యాను ఎక్కించేదాకా పెదవి విప్పలేదు. ఎక్కాక మెల్లగా అంది —

"నానరిసేనా? ఆడ నానెప్పుడైనా నోరెత్తేనేటే? కాలిరిగినా పల్లు బిగబట్టుకునే ఉన్నాను. సీకట్లో ఎవులో సెయ్యి సాపింది... మైకు ఇచ్చేసినాను."

కొండబాబు వెనక్కి తిరిగి చూశాడు. మిక్సరు మీద మైకు మీట ఇంకా పైనే ఉంది.

స్పీకర్లలోంచి... ఎవరో ఆవలించి, పక్కకి ఒత్తిగిల్లిన చప్పుడు.