ఆజీ కేకుకు బంగారు పూత

కేకు పక్కనే వోడ్కా సీసా ఉంది. అదీ సగం ఖాళీగా.

వైభవ్ సీసాను చూశాడు, సుమనను చూశాడు, మళ్ళీ సీసాను చూశాడు. సుమన మాత్రం తల ఎత్తకుండా సన్నటి కుంచెతో కేకు మీద బంగారు అంచు దిద్దుతోంది. సాయంత్రం వైభవ్ ఆజీకి, అంటే నాయనమ్మ అనుసూయాబాయికి, డెబ్బయ్యయిదో పుట్టినరోజు పండుగ. నాందేడ్‌లో ఉన్న చుట్టాలంతా హాలుకు వస్తున్నారు. కేకు ఎంతదాకా వచ్చిందో చూసిపోదామని, నవా మోంఢాలో తన విత్తనాల దుకాణం వదిలేసి మధ్యాహ్నమే దిగాడు పెద్దమనిషి.

నిజం చెప్పొద్దూ, ఆ వంకన రావడం ఇదేం మొదటిసారి కాదు. ముందు గులాబీలన్నాడు. తర్వాత నెమలి అన్నాడు. ఆ తర్వాత నెమలీ వద్దు, పైఠణీ చీర అంచు కావాలన్నాడు. డిజైన్ మారినప్పుడల్లా తరోడా నాకా దగ్గర సుమన కేకులు చేసే ఈ ఇంటికి స్వయంగా రావలసిందే కదా! ఫోను ఒకటుందన్న సంగతి ఆయనకెందుకో గుర్తుండేది కాదు.

“ఇదేందండి?” అన్నాడు సీసా చూపిస్తూ.

“వోడ్కా.”

“మీరు తాగుతరా?”

సుమన కుంచె ఆగింది. గుమ్మంలో కూర్చుని మెంతికూర తెంపుతున్న ఆమె తల్లి ఉమాబాయి చేయి కూడా ఆగింది.

“తాగితె గీత గింత సక్కగ అస్తదా?” అంది సుమన. “బంగారు పొడి దీంట్ల కలిపి పూస్తం. నీళ్లల్ల కలిపితె చక్కెర కరిగి మరకలైతది. ఇదైతె ఎంబడే ఆరిపోతది.”

“మరి వాసన?”

“గాలికి పోతది. మీ అనుమానం పోతదో లేదో నాకు తెల్వదు.”

“మా పెద్దోడు నెత్తి మీది హెల్మెట్ తియ్యకుండ పోయి తెచ్చిండు బాబు,” అంది ఉమాబాయి. “ఎవలన్న చూస్తె ఏమనుకుంటరోనని.”

వైభవ్ పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే అతని ముఖం పాలిపోయింది.

“ఆజీ మాళకరి,” అన్నాడు నెమ్మదిగా.

మెడలో తులసిమాల వేసుకున్న మనిషి అనుసూయాబాయి. మాల పడ్డాక మాంసం ముట్టరు, మందు ముట్టరు. ఆవిడైతే మరీను. మందు తాగిన పెళ్ళివారింట్లో మంచినీళ్ళు కూడా పుచ్చుకోదు.

“ఇన్నిసార్లు అచ్చిండ్రు,” అంది సుమన. “గీ ముచ్చట ఒక్కసారన్న చెప్పిండ్రా?”

“గుడ్డు లేకుండ చెయ్యమన్న కద.”

“గుడ్డు చెప్పినవ్. మాల చెప్పలే. నీకు బుద్ధున్నదా అసలు?”

తిట్టినందుకు బాధపడాలో, ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చినందుకు సంతోషపడాలో తెలియక వైభవ్ నిలబడిపోయాడు. ఆ నిలబడ్డవాడు ఊరుకున్నా బాగుండేది.

“ఆరిపోయింది కద,” అన్నాడు. “ఆజీకి ఎవలు చెప్తరు?”

“నేను చెప్త. తెలిసి తెలిసి ఆమె నేమం చెడగొట్టాల్నా?”

చాకు తీసుకుని, కేకు చుట్టూ కప్పిన ఫాండెంట్ అనే చక్కెర పొరను నిలువునా కోసేసింది. ఈ అంచు హాలు నిండా జనం చూస్తారని, చూసి పెళ్ళి కేకులు అడుగుతారని, ఇంటి వంటగది దాటి ఒక దుకాణం పెట్టుకోవచ్చని ఆమె ఎన్ని ఆశలు పెట్టుకుందో! పొద్దుటినుంచి దిద్దిన బంగారమంతా ముడుచుకుపోయి బుట్టలో పడింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“స్వీట్ల మీద పెట్టే వెండి రేకు తేవాల్నా?” అన్నాడు వైభవ్.

“కొందరు దాన్ని తోలు మధ్యల పెట్టి సాగగొడ్తరు. ఆజీ తింటదా?”



కొత్త పొర కప్పాక సుమన దాని మీద వేలి కొనతో పలచగా నెయ్యి రాసింది. పొడిని దేంట్లోనూ కలపకుండా మెత్తటి కుంచెతో అద్దడం మొదలుపెట్టింది. “ఫ్యాన్ బంద్ చెయ్. డబ్బీ పట్టుకో. ఊదకు.”

కాసేపటికి తలెత్తి చూస్తే అతని ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

“ఏమైంది?”

“ఊపిరి... ఆపుకున్న.”

“ఊదొద్దన్న గని సావమన్ననా?”

నవ్వు ఆగలేదు ఆమెకు. నవ్వుకు పొడి లేచి చెంప మీద పడింది. సుమన అంత దగ్గరగా నవ్వడం వైభవ్ ఎప్పుడూ చూడలేదు. ఈ పిల్ల లేకపోతే తాను బతకడం కష్టమేనని అప్పుడే అనుకున్నాడు.

“చెంప మీద పడ్డది,” అన్నాడు.

“పడనీ. డబ్బీ వదిలితె చంపుత.”

గుమ్మంలో ఉమాబాయి గట్టిగా దగ్గింది.

సాయంత్రం హాల్లో అందరూ కేకు చుట్టూ మూగారు. బాగానే ఉంది, కాని నేతిమీది పూత కదా, ధగధగ లేదు. “పొద్దున నువ్వు మావోనికి పంపిన ఫొటోల ఇంక మెరిసె గద?” అంది వైభవ్ చిన్నత్త సుమనతో. “పనితనం గింతేనా?”

సుమన చెప్పబోయింది. వైభవ్ ముందుకొచ్చి నిలబడ్డాడు. వోడ్కా సంగతి, మాల సంగతి, పొర కోసి పారేసిన సంగతి ఏదీ దాచకుండా అందరి ముందూ చెప్పేశాడు. “తప్పు నాది ఆజీ. ఆమెకు చెప్పనే లేదు. ఎవలు చెప్తరని గూడ అన్న. ఆమె ఒప్పుకోలే.”

అనుసూయాబాయి మనవడిని ఎగాదిగా చూసింది.

“అన్నిసార్లు పోయి ఏం ముచ్చట పెట్టినవ్‌ర మరి?”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కేకు కోసి మొదటి ముక్క సుమన నోట్లో పెట్టింది.

“నా మాల మనవడు మరిచిండు, ఎవలో పిల్ల కాపాడింది. ఇగ నిన్ను ఎవలో పిల్ల అని ఎట్లనాలె? మా ఇంటికి అస్తవా బిడ్డా?”

సుమన చెవులదాకా ఎర్రబడింది. “అడగవల్సినోళ్లు అడగలే ఆజీ,” అంది ముక్క బుగ్గన పెట్టుకునే.

హాలంతా వైభవ్ వైపు తిరిగింది. “సుమనా, నువ్వంటె నాకు పానం. నన్ను చేసుకుంటవా?” అన్నాడు, సగం లోపలికీ సగం బయటికీ.

“గట్టిగ అను బాబు,” అంది వెనక వరుసలోంచి ఉమాబాయి. “ఆడపిల్ల తల్లిని, నాకు గూడ వినవడాలె.”

ఈసారి వంటవాళ్ళు కూడా బయటికొచ్చి చూసేలా అడిగాడు. సుమన నోట్లోది నిదానంగా నమిలి, మింగి, అప్పుడు చెప్పింది.

“చేసుకుంట.”