నింపొద్దన్న చోట

మళ్లీ అదే పని చేశాడు మహానుభావుడు.

స్క్రీన్ మీద పేజీలు చూసి ఆమె తల పట్టుకుంది. ఏళ్ల తరబడి కూర్చుని తను గీసిన కామిక్ పుస్తకం. ఒక ఆడమనిషి తన ఒంటిని చూసుకోవడానికి తానే ఎంత సిగ్గుపడిందో, ఆ సిగ్గు ఎవరు నేర్పారో, ప్రేమించినవాడి ముందు దాన్నెలా వదిలించుకుందో చెప్పే కథ. కథానాయిక చేతుల మీద, మెడ మీద, వీపు మీద తెల్లమచ్చలుంటాయి. రంగులు వేసే అబ్బాయి ఒక్కటి కూడా మిగల్చకుండా అన్నిటినీ చామనఛాయతో నింపేశాడు.

సాయంత్రం ఫైలు ప్రెస్సుకి వెళ్లాలి. ఆమె విసవిసా అతని టేబుల్ దగ్గరికి నడిచింది.

"మళ్లీ నింపేశారేంటండీ?"

అతను హెడ్‌ఫోన్స్ తీసి, మెచ్చుకుంటుందన్న ఆశతో నవ్వాడు. ఆ నవ్వు బాగుంటుంది. అదింకో చిరాకు.

"నిన్నంతా జూమ్ చేసి మరీ చూశానండి. ఒక్క చోట కూడా వదల్లేదు."

"వదిలెయ్యమనే కదా నేను మెయిల్ పెట్టింది. అదీ రెండుసార్లు."

"గీతల పక్కన రంగు అందక అలా తెల్లగా మిగిలిపోతుందండి. అది నింపడం నా పని. మీరు వదిలెయ్యమంటే, నాకు శ్రమ ఎందుకని మొహమాటపడుతున్నారనుకున్నా."

"నేనా? మొహమాటమా?"

ఆఫీసులో ఆమెకి లేనిది ఏదైనా ఉందంటే అది మొహమాటమే. మండుటెండల్లోనూ ఆమె పూర్తి చేతుల చొక్కా ఎందుకు వేసుకుంటుందో మాత్రం ఎవరికీ తెలీదు.

"అవి మచ్చలండీ బాబూ. ఆమెకి బొల్లి."

అతని మొహం వాడిపోయింది. "అయ్యో, సారీ అండి. కానీ స్క్రిప్టులో ఆ మాట ఎక్కడా లేదే?"

లేదు. స్క్రిప్టు రాసిందీ ఆమే. అద్దం ముందు నిలబడటం రాసింది, మొదటి ముద్దు రాసింది, ఆ ఒక్క మాట రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఇప్పుడు కోపం ఎవరి మీద చూపించాలో తెలియక పళ్లు నూరింది.

"సరే, మచ్చలే అనుకుందాం. మరి ఏ రంగు వెయ్యమంటారు?" అన్నాడతను. "కాగితం తెలుపే ఉంచేస్తే బొమ్మకి చిల్లు పడినట్టుందండి. చూసి వెయ్యడానికి ఏదైనా రిఫరెన్స్ ఉందా?"

ఉంది. ఆమె చొక్కా చేతి కిందే ఉంది. ఒకసారి పెళ్లిచూపుల్లో ఎవరో పెళ్లికొడుకు, అప్పటిదాకా తెగ కబుర్లు చెప్పినవాడు, ఆమె మణికట్టు చూడగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "పెళ్లి కుదిరేదాకా కప్పుకోవే తల్లీ" అంది అమ్మ. వాడు జరిగినందుకు ఆమె పెద్దగా బాధపడలేదు. ఈ తింగరోడు జరిగితే మాత్రం తట్టుకోలేదు. ఆమెకి ఇతనంటే ఇష్టం, అసలు గొడవంతా అక్కడే ఉంది. చూపించకపోతే మాత్రం పుస్తకంలో ఆమె మచ్చల్లేని మనిషిగా అచ్చయిపోతుంది.

విసురుగా చొక్కా చెయ్యి మోచేతి పైదాకా లాగింది.

"ఇదిగోండి రిఫరెన్స్. చూసి ఏడవండి."

అతను కుర్చీ జరిపాడు, ముందుకి. చాలాసేపు చూశాడు.

"ఇది తెలుపు కాదండి. లోపల లేత గులాబీ ఉంది. అంచుల్లో తేనెరంగు. కిటికీ దగ్గర చూడాలి. పట్టుకోవచ్చా?"

"పట్టుకోండి. అంటుకోదులెండి."

"అది నేనడగలేదు."

కిటికీ గట్టు మీద టాబ్లెట్ పెట్టుకుని, కుడిచేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఆ మచ్చలకీ ఒక రంగుందని ఇన్నేళ్లలో తనూ చూడలేదు. పేజీలో ఖాళీ వదిలేసింది తనే.

బయట వాన మొదలైంది. గదిలో వెలుతురు తగ్గింది. అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"ఎంతసేపండీ?"

"ఇంకొంచెం."

"ఈ చీకట్లో ఏం కనిపిస్తోంది మీకు? రంగు దొరకలేదా?"

"ఎప్పుడో దొరికిందండి."

"మరి చెప్పరేం?"

"చెబితే చెయ్యి తీసేసుకుంటారని."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ప్రెస్సువాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, పేజీలన్నీ మళ్లీ మొదలుపెట్టాలి, ఈ మనిషి చూస్తే ఇలా ఉన్నాడు.

"ఎడంచేత్తో రంగులు వెయ్యడం వచ్చా మీకు?"

"రాదండి."

"అయితే నేర్చుకోండి, త్వరగా" అంది, చెయ్యి అతని చేతిలోనే ఉంచి.