కంచె అవతల చెరువు

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం రజితకు ఒళ్లు మండిపోయింది. నెత్తిన గునుగు, తంగేడు పూల బతుకమ్మ, వెనక చిల్కానగర్ ఆడవాళ్లంతా, ఎదురుగా చెరువు. మధ్యలో నిలువెత్తు ఇనుప కంచె. ఈ కొస నుంచి ఆ కొసదాకా నీళ్లలోకి దిగడానికి ఒక్క దారి లేదు.

ఆ కంచె వేయించింది త్రిమూర్తులు. అమలాపురం నుంచి వచ్చిన సైట్ ఇంజినీరు, రజిత వాళ్ల మేడమీద గదిలో అద్దెకుంటాడు. తాత పేరు మోస్తున్నందుకు రజిత ఏడాదిగా అతన్ని ఏడిపిస్తూనే ఉంది, ప్రేమిస్తూనే ఉంది. బతుకమ్మను సాగనంపాక ఇవాళ ఆ సంగతి నాయనమ్మ వెంకటనర్సమ్మ చెవిన వేద్దామనుకుంది. ఇప్పుడేం మొహం పెట్టుకుని చెప్తుంది?

ఇప్పుడు పార్కుగా మారిన ఈ స్థలం మొన్నమొన్నటిదాకా మిలిటరీ వాళ్లది. చుట్టూ ముళ్లతీగ, గేటు దగ్గర జవాను. అయినా సద్దులనాడు గేటు తీసి ఆడవాళ్లను చెరువుదాకా పోనిచ్చేవారు. ఆ మాటే ఎత్తి నాయనమ్మ, అక్కడే పనిమీదున్న త్రిమూర్తులును దులిపేసింది.

"తుపాకులోళ్లు గూడ మమ్ముల ఆపలే బిడ్డా. పబ్లిక్ పార్కని బోర్డు వెట్టి నువ్వు ఆపుతవా?"

త్రిమూర్తులు తల దించుకున్నాడు. పిల్లలు నీళ్లలో పడకూడదన్న ధ్యాసే తప్ప, పూలు నీళ్లలో కలపాలన్న సంగతి అతనికి తట్టనే లేదు. బతుకమ్మంటే చుట్టూ తిరిగి పాడుకోవడమే అనుకున్నాడు.

తెలంగాణ లొల్లి జోరుమీదున్న రోజులు. ఆంధ్రాయనకు మన పండుగ ఏం తెలుస్తదని ఒకావిడ, కావాలనే చేసిండని ఇంకొకావిడ. అతను కిక్కురుమనలేదు. రజితకు ఆ మౌనం మీదే చిర్రెత్తుకొచ్చింది. పని మొదలుకాకముందు ఇదే గట్టుమీద కూర్చోబెట్టి, పార్కు నక్షా అంతా లాప్‌టాప్‌లో చూపించి, ఏమైనా మరిచిపోయానా అని అడిగాడు. మస్తుగుందని చెప్పింది తనే. ఆ ముక్క బయటపెడితే తిట్లలో సగం ఆమెకొస్తాయి. పెట్టడే. కాపాడుతున్నాననుకుంటున్నాడు కాబోలు, మహానుభావుడు.

"నోరు లేదా నీకు? నక్ష నాకు జూపిచ్చిన అని జెప్పవేంది?"

"ఎందుకులే రజితా. కట్టించింది నేనే కదా."

దాంతో ఇంకా మండింది. బతుకమ్మను తల్లి చేతిలో పెట్టి, పోయి నాయనమ్మ ఎదురుగా నిలబడింది.

"నాయనమ్మా, నక్ష నాగ్గూడ జూపిచ్చిండు. నేను నక్ష జూడలే, ఈయన మొహమే జూస్కుంట కూసున్న. నాకీయనంటే ఇష్టం. తిట్టేదుంటే ఇద్దర్ని తిట్టు."

త్రిమూర్తులు చెవులు ఎర్రబడ్డాయి. నాయనమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది గానీ కోపం దిగలేదు.

"మొహం సంగతి తర్వాత. ముందుగాల గా కంచె ఇప్పమను."

పర్మిషన్ లేకుండా విప్పితే ఉద్యోగానికే ఎసరు. అతను ఆ మాట ఎత్తలేదు. వాచ్‌మన్ గదిలోంచి పానా తెచ్చి, బోల్టులు విప్పి, కంచె ముక్క ఒకటి పక్కకు లాగేశాడు. వాచ్‌మన్ చెప్పాడేమో, అంతలోనే ఆఫీసు నుంచి ఫోనొస్తే, తీసింది తనేనని, అక్కడ మెట్లు కట్టాలని చెప్పి పెట్టేశాడు.

పూలన్నీ నీళ్లమీద సాగిపోయాక నాయనమ్మ అతన్ని పిలిచి, చేతిలో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద పెట్టింది.

"రేపు మీ అమ్మకు ఫోన్ జెయ్యి, నేను మాట్లాడ్త. మా పిల్లకు కోపమెక్కువని ముందే జెప్పాలె."

"అమ్మకు తెలుసు మామ్మగారూ. ఏడాదిగా చెబుతూనే ఉన్నాను. ఆ కోపిష్టి పిల్లనే తెచ్చుకోమంది."

ఇంకేమేం చెప్పినవని రజిత అతని మీదికి పోయింది గానీ, నవ్వు ఆపుకోలేకపోయింది.