ఎవరైనా గారు

బాబాయ్ ఆ ఉదయం రెండోసారి చచ్చిపోయాడు.

బాబాయ్ అంటే మనిషి కాదు. ఎమర్జెన్సీ డాక్టర్లకి ట్రైనింగ్ ఇచ్చే గదిలో మంచం మీద పడుకునే రబ్బరు బొమ్మ. ఊపిరి పీలుస్తాడు, మూలుగుతాడు, అద్దం వెనక కూర్చున్న ట్రైనర్ మేడమ్ మీట నొక్కితే గుండె ఆపేస్తాడు. అంత మాట వినే పేషెంటు బయట దొరకడు.

"ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండి!" అని అరిచాడు ఆ రోజు టీమ్ లీడర్. ఎమర్జెన్సీ మెడిసిన్ చివరి సంవత్సరం చదువుతున్న కుర్ర డాక్టరు.

టీమ్‌లో నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ ఇస్తుందని ఇతను, ఇతను ఇస్తాడని ఆవిడ. పదిమందిలో పాము చావదంటారు. బాబాయ్ మాత్రం చచ్చాడు.

మేడమ్ అద్దం గదిలోంచి బయటికొచ్చింది. ఆ కుర్ర డాక్టరుకన్నా ఒక్క బ్యాచ్ సీనియర్. కోపం మాత్రం ప్రొఫెసర్ స్థాయిలో ఉంటుంది.

"ఏ జబ్బుతో పోయాడంటారు?"

"హార్ట్ ఎటాక్, మేడమ్."

"కాదు. 'ఎవరైనా' అనే జబ్బుతో! నర్సుగారి కళ్లలోకి చూసి 'మీరు ఇవ్వండి' అనాలి. ఆవిడ 'ఇస్తున్నాను' అని తిరిగి చెప్పాలి. ఇచ్చాక 'ఇచ్చాను' అనాలి. అప్పుడే పని అయినట్టు. అర్థమైందా, ఎవరైనా గారూ?"

సాయంత్రానికల్లా ఆ పేరు సెక్యూరిటీ గార్డు దాకా పాకింది.

తప్పంతా అతనిది కాదు. కాలింగ్ బెల్ మోగితే 'ఎవరైనా తలుపు తీస్తే బాగుండు' అంటూ ఇంటిల్లిపాదీ సోఫాలోనే కూర్చునే కుటుంబం వాళ్లది. ఇక రోజూ తిట్టే మనిషి మీదే మనసు పారేసుకోవడానికి మాత్రం వంశాన్ని తప్పుపట్టలేం. అది అతని సొంత తెలివి.

ధైర్యం కూడగట్టుకోవడానికి అతనికి వారం పట్టింది. మేడమ్ కారిడార్‌లో వెళుతుంటే గొంతు సవరించుకుని, "ఎవరైనా కాఫీకి వస్తారా?" అన్నాడు.

అందరూ వచ్చారు. ఎక్స్‌రే టెక్నీషియన్ అయితే బావమరిదిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. మేడమ్ బల్లకి ఆ చివర కూర్చుని, కాఫీ తాగుతూ నవ్వు ఆపుకుంది. ఆ నవ్వుకి అతనికి మూడు రోజులు నిద్ర లేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. అంబులెన్సులు ఆగే షెడ్డు కింద ఇద్దరే నిలబడ్డారు. వాన తన పని తాను బ్రహ్మాండంగా చేస్తోంది. చెయ్యాల్సినవాడే చెయ్యట్లేదు.

"ఆదివారం మా ఇంటికి సంబంధం వాళ్లొస్తున్నారు. అబ్బాయి ఏదో హాస్పిటల్లో సర్జన్. నాన్నకి నచ్చాడు," అంది మేడమ్, అతని వైపే చూస్తూ.

'వద్దని చెప్పండి' అనాలనుకున్నాడు. నోటికొచ్చింది మాత్రం వేరే.

"మంచివాడు ఎవరైనా దొరికితే మంచిదే కదా, మేడమ్."

"ఎవరైనానా?" అంది. మరుక్షణం వానలోకి దిగి, తడుస్తూనే వెళ్లిపోయింది. గొడుగు ఆమె చేతిలోనే ఉంది.

శుక్రవారం ఫైనల్ అసెస్‌మెంట్. మేడమ్ అద్దం వెనక. బాబాయ్ మంచం మీద. ఈసారి పేషెంటు అన్నయ్య వేషం వెయ్యడానికి మేడమ్ పిలిపించిన ఒక పెద్దాయన కూడా వచ్చాడు. పాత్రలో పూర్తిగా లీనమైపోయాడు.

"అయ్యో తమ్ముడూ! ఇక్కడ డాక్టరన్నవాడు ఉన్నాడా?" అంటూ మంచం మీద పడబోయాడు.

అతను ఆయన కళ్లలోకి చూశాడు. "ఉన్నాడు. నేనే. పెద్దాయనా, మీరు ఆ కుర్చీలో కూర్చోండి. నేను చెప్పేదాకా లేవొద్దు."

"కూర్చుంటున్నాను," అని కూర్చున్నాడాయన.

"మీరు ఛాతీ నొక్కండి," అన్నాడు మంచం పక్కనున్న జూనియర్ కళ్లలోకి చూసి.

"నొక్కుతున్నాను."

"నర్సుగారూ, మీరు అడ్రినలిన్ ఇవ్వండి."

"ఇస్తున్నాను... ఇచ్చాను."

బాబాయ్ బతికాడు. స్పీకర్లోంచి మేడమ్ గొంతు పొడిగా వచ్చింది. "పాస్. అందరూ వెళ్లొచ్చు."

ఇప్పుడు వెళితే ఆదివారం వచ్చేస్తుంది. అతను అద్దం వైపు తిరిగాడు. అందులో తన మొహం తప్ప ఏమీ కనబడలేదు. అయినా చూపు తిప్పలేదు.

"మేడమ్, మీరు. ఎవరైనా కాదు, మీరే. మీరంటే నాకు ప్రాణం. నన్ను పెళ్లి చేసుకోండి."

నర్సు చేతిలో సిరంజి ఆగిపోయింది.

"విన్నాను," అంది స్పీకరు. "నేనంటే మీకు ప్రాణం. మిమ్మల్ని నేను పెళ్లి చేసుకోవాలి."

ఇది ఒప్పుకోవడమా, పాఠం ప్రకారం తిరిగి చెప్పడమా?

"నాన్నా," అంది స్పీకరు మళ్లీ. "మీరు ఆ సంబంధం వాళ్లకి ఫోన్ చెయ్యండి. ఆదివారం రావొద్దని చెప్పండి."

నాన్నా? ఎవరి నాన్న? అతను మెల్లగా కుర్చీ వైపు చూశాడు.

"ఫోన్ చేసి రావొద్దని చెప్తున్నానమ్మా," అన్నాడు పెద్దాయన, బుద్ధిగా కూర్చునే. "కానీ ఈ డాక్టరుగారు నన్ను లేవొద్దన్నారే?"

"లేవండి..." అతని గొంతు కీచుమంది. "మీరు లేవండి, మామయ్యగారూ."

"లేస్తున్నాను, అల్లుడూ."

ఆయన ఫోన్ తీసుకుని కారిడార్‌లోకి నడిచాడు. గదిలో ఒక్కరూ కదల్లేదు. అద్దం గది తలుపు తీసుకుని మేడమ్ బయటికొచ్చి అతని పక్కన నిలబడింది. ఇద్దరూ కారిడార్ గుమ్మం వైపే చూస్తున్నారు.

పెద్దాయన తిరిగొచ్చాడు.

"చెప్పాను," అన్నాడు.