హెట్టీ ఎక్కిన పక్కింటి కారు

"అమ్మని పిలవండి, అమ్మని పిలవండి అని ఓపల్ ఒకటే ఏడుపు అత్తయ్యా! కాన్పు కష్టమంటున్నాడు డాక్టరు..."

టెలిఫోనులో అల్లుడి మాట తెగిపోయింది. హెట్టీ కోటు కోసం పరిగెత్తింది. ఆదివారం... రైలు లేదు. వాకిట్లో ఉన్న తమ బ్యాటరీ కారు ఈ చలిలో కూతురి ఊరికి సగం దారి కూడా లాగదు!

ఆ కారుకు ఆమె పేరే పెట్టారు, 'హెట్టీ' అని. ఒకప్పుడు పెట్రోలు కారు ఇంజను లేపడానికి ముందున్న హ్యాండిల్ తిప్పుతుంటే అది వెనక్కి తన్ని ఆమె మణికట్టు విరిగింది. ఆ బాధ చూడలేక, ఇంకే ఆడదీ హ్యాండిల్ ముట్టుకోకూడదని, గుర్రబ్బళ్ళు చేసే భర్త లియాండర్ బ్యాటరీతో నడిచే కారు చేశాడు. ఇండియానాలోని ఆ చిన్న ఊరి నుంచి షికాగో దాకా ఇల్లాళ్ళు ఎగబడి కొన్నారు! రేకుల షెడ్డు రెండంతస్తుల ఫ్యాక్టరీ అయింది. కిందటేడు పెట్రోలు కార్లకు మీట వచ్చింది. కాలితో నొక్కితే చాలు, ఇంజను తనంతట తనే లేస్తుంది. అంతే... ఆర్డర్లు ఆగిపోయాయి. సగం మంది పనివాళ్ళు వెళ్ళిపోయారు. లియాండర్‌కు కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే నిద్ర లేదు.

"పక్కింటి ఫెంటన్ గారి కారు అడుగుతాను," అంది హెట్టీ కోటు తొడుక్కుంటూ.

"ఆ మీట కారా?" లియాండర్ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "నీ పేరు పెట్టి అమ్ముతున్నాను హెట్టీ! నువ్వే అందులో ఎక్కితే రేపు మనది ఎవరు కొంటారు?"

"ఊరంతా చర్చి ముందే ఉంది వదినా," ఆడబిడ్డ డ్రూసిల్లా మూతి తిప్పింది. "చప్పట్లు కొట్టి మరీ సాగనంపుతారులే!"

"కొట్టనీ!" హెట్టీ కోటు గుండీలు పెట్టుకుంది. "ఏమండీ, ఇన్నేళ్ళూ మీ పోస్టర్ల కోసం నవ్వమంటే నవ్వాను. అక్కడ నా బిడ్డ చావుబతుకుల్లో ఉంది... తప్పుకోండి!"

తప్పుకున్నాడు.

పక్కింటి కారెక్కి మీట నొక్కింది. ఒక్క నొక్కుకే ఇంజను లేచింది! లియాండర్ ముఖం పాలిపోయింది. లోపలికి వెళ్ళిపోతాడనుకుంది... అటువైపు తలుపు తీసుకుని, నెత్తిన టోపీ అయినా లేకుండా, వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పోనివ్వు," అన్నాడు.

చర్చి ముందు తలలన్నీ తిరిగాయి. "ఏం లియాండర్, సొంత కారు అలిగిందా?" అని ఎవరో అరిచారు. లియాండర్ దారంతా మోకాళ్ళను గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

కూతురి ఇంటి గుమ్మంలోకి వెళ్ళేసరికి పసికందు ఏడుపు! హెట్టీ ఏడుస్తూనే బిడ్డను అందుకుంది. ఓపల్ నీరసంగా కళ్ళు తెరిచింది.

"నాన్నా... మన కారు ఇంత దూరం వచ్చేసిందా?" ఆ గొంతులో ఎంత గర్వం!

"వచ్చిందమ్మా..." హెట్టీ తడబడింది.

"లేదు తల్లీ," అన్నాడు లియాండర్. "మన కారు రాలేదు. ఇంత దూరం వచ్చే శక్తి దానికి లేదు. ఫెంటన్ గారి కారును మీ అమ్మ నడుపుకుంటూ వచ్చింది. నేనైతే అడ్డం నిలబడ్డాను..." కూతురి నుదురు నిమిరాడు. "రేపు పనివాళ్ళకు కూడా చెప్పేస్తాను, ఫ్యాక్టరీ మూసేస్తున్నానని."

హెట్టీ అతని వైపు చూసింది.

అతను కుర్చీ లాక్కుని కూతురి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఏదీ హెట్టీ, బిడ్డను ఇలా ఇవ్వు."